పెళ్ళయిందా అని కాదు, ఏమేం ఉన్నాయో అడగండి

మా ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో పేషెంట్ పేరు పక్కన 'మేల్' అని కొడితే పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష), బీటా హెచ్‌సీజీ (ప్రెగ్నెన్సీ పరీక్ష) లిస్టులో కనబడవు. 'ఫీమేల్' అని కొడితే పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చేసే రక్తపరీక్ష) మాయమవుతుంది. 'అదర్' అని మూడో గడి కూడా ఒకటి పెట్టారు. అది కొడితే టెస్టులన్నీ కనబడతాయి గానీ రిపోర్టులో నార్మల్ రేంజ్ ఉండాల్సిన చోటు ఖాళీగా ప్రింటవుతుంది. హీమోగ్లోబిన్ 16 వస్తే అది ఎక్కువో, సరిపోయిందో పేషెంటే ఊహించుకోవాలి.

నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. సొంతూరు హనుమకొండ దగ్గర. ట్రాన్స్ మ్యాన్‌ని. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు, ఇప్పుడు ఆధార్‌లో పురుషుడు అని ఉంది, గడ్డం ఉంది, గర్భసంచీ ఉంది. ఆ చివరి ముక్క వినగానే చాలామంది నోరు వెళ్ళబెడతారు, అందుకే ముందే చెప్పేస్తున్నా. తీయించుకోలేదు. డబ్బులు ఒక కారణం, మళ్ళీ ఆపరేషన్ అంటే భయం ఇంకో కారణం. అసలు దాంతో నాకు పెద్ద పేచీ కూడా లేదు.

మా వాట్సాప్ గ్రూపులో ఒక చిన్నోడు అడిగాడు, "అన్నా, మనకి కూడా ఆ క్యాన్సర్ టెస్ట్ చేయించుకోవాల్నా?" అని. చేయించుకోవాలి తమ్ముడూ. గర్భాశయ ముఖద్వారం ఉన్న ప్రతివాళ్ళూ చేయించుకోవాలి, గడ్డం ఉన్నా లేకపోయినా. ఆ క్యాన్సర్ చాలావరకు హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ ఆధార్ కార్డు చూసి రాదు. అతనికి గ్రూపులో రెండు లైన్లు రాసి వదిలేద్దామనుకున్నా గానీ, చెప్పాల్సింది చాలా ఉందని ఇక్కడ రాస్తున్నా.

నా పాప్ స్మియర్ సంగతి ముందు. గైనిక్ ఓపీలో కూర్చుంటే చుట్టూ అందరూ గర్భిణులు, వాళ్ళ అత్తలు. మగవాళ్ళంతా బయట వరండాలో. నర్సమ్మ వచ్చి నా ఓపీ చీటీ చూసి, "సార్, పేషెంట్‌ని పిలవండి" అంది. నేనే పేషెంట్‌ని అన్నా. చీటీ వంక, నా వంక మార్చి మార్చి చూసి, ఇంకేం అడగకుండా లోపలికి పంపింది. ఆమె తప్పేం లేదు, పాపం ఆమెకెవరు చెప్పారు గనక. లోపల డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పెళ్ళయిందా?"

మన దగ్గర ఆ ప్రశ్నకి అసలు అర్థం అందరికీ తెలుసు. శారీరక సంబంధం ఉందా అని నేరుగా అడగలేక పెళ్ళి వంక పెట్టి అడుగుతారు. పెళ్ళి కాలేదంటే లోపల పరీక్ష చెయ్యరు, స్మియర్ తియ్యరు, వైట్ డిశ్చార్జ్ ఎందుకవుతోందో చూడరు. పెళ్ళి కాని ఆడపిల్లలకే ఆ ప్రశ్నతో పని జరగడం లేదు, ఇక మాకేం జరుగుతుంది? కాలేదన్నా. "మరి టెస్ట్ ఎందుకు?" అంది. సంబంధం ఉందని చెప్పా. "ఎవరితో?" అంది. మగవాడితో అని చెప్పా. అక్కడితో ఆమె పెన్ను ఆగిపోయింది. మగవాడిగా మారినవాడు మగవాడితో ఎందుకుంటాడన్నది ఆమె సందేహం. ఆ సందేహం తీర్చడానికే నా టైమంతా అయిపోయింది.

చివరికి స్మియర్ తీశారు. రిపోర్టులో 'అన్‌శాటిస్‌ఫాక్టరీ' అని వచ్చింది, అంటే స్లైడు మీద చూడ్డానికి సరిపడా కణాలు లేవన్నమాట. ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి ఎందుకలా వచ్చిందో నాకు అర్థమైంది. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) తీసుకుంటుంటే లోపలి పొర పలచబడి ఎండిపోతుంది, మెనోపాజ్ దాటినవాళ్ళకి అయినట్టే. కణాలు సరిగ్గా రాలవు. ట్రాన్స్ మెన్‌లో ఇలా పనికిరాని శాంపిళ్ళు రావడం మామూలు ఆడవాళ్ళ కంటే చాలా ఎక్కువ. చీటీ మీద 'టెస్టోస్టిరాన్ మీద ఉన్నారు' అని ఒక్క ముక్క రాస్తే స్లైడ్ చదివే పాథాలజిస్టుకి కూడా పని తేలికవుతుంది. లేకపోతే ఆ ఎండిన కణాలను చూసి ఇదేదో తేడాగా ఉందని వాళ్ళూ కంగారుపడే అవకాశం ఉంది. మా దగ్గరికి వచ్చే చీటీల మీద ఆ ముక్క నేనింతవరకు చూళ్ళేదు.

తర్వాత తెలిసిన ఒక డాక్టర్ దగ్గర పని సవ్యంగా జరిగింది. ఆమె ముందు రెండు వారాలు రాత్రిపూట లోపల పెట్టుకోమని ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) క్రీమ్ ఇచ్చింది. ఇంత చిన్న మోతాదు లోపలే ఉండిపోతుంది, గొంతు మారదు, గడ్డం ఊడదు అని నేను అడక్కుండానే చెప్పింది. పరీక్ష రోజు అన్నిటికంటే సన్నటి స్పెక్యులమ్ (లోపల చూడ్డానికి పెట్టే పరికరం) తీసి, దానికి జెల్ రాసి, "నువ్వే పెట్టుకుంటావా, నన్ను పెట్టమంటావా?" అని నా చేతికిచ్చింది. నేనే పెట్టుకున్నా. నొప్పి లేదని చెప్పను, కాకపోతే ఆ ఒక్క మాటతో భయం సగానికి సగం తగ్గింది. స్పెక్యులమ్ అసలు వద్దనుకునేవాళ్ళకి ఇంకో దారి ఉంది: హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష. పొడుగాటి స్వాబ్ తీసుకుని బాత్రూంలోకి వెళ్ళి, లోపల పెట్టి తిప్పి, ట్యూబులో వేసి తెచ్చి ఇచ్చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇలా సొంతంగా తీసుకునే శాంపిల్ సరిపోతుందనే చెప్పింది. 30 ఏళ్ళు దాటాక మొదలుపెట్టాలి, హెచ్ఐవీ ఉంటే 25కే. ఖరీదు పాప్ స్మియర్ కంటే ఎక్కువే. కానీ గైనిక్ బల్ల ఎక్కలేక ఏళ్ళ తరబడి వాయిదా వేసేవాళ్ళకి అదే నయం.

ఇప్పుడు అసలు టెన్షన్ పెట్టే విషయం. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక నెలసరి ఆగిపోతుంది. ఆగింది కదా, ఇక కడుపు రాదని మావాళ్ళలో చాలామంది నమ్మకం. అది తప్పు. నెలసరి రాకపోయినా అండం విడుదలవ్వొచ్చు, కడుపు రావొచ్చు, వచ్చినవాళ్ళూ ఉన్నారు. పైగా నెల తప్పడమనే గుర్తే మనకి ఉండదు కాబట్టి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. టెస్టోస్టిరాన్ పిండానికి మంచిది కాదు. కాబట్టి వీర్యం వచ్చే శరీరంతో సంబంధం ఉన్నప్పుడు కండోమైనా వాడాలి, ఇంకేదైనా పద్ధతైనా చూసుకోవాలి. కాపర్ టీ పనిచేస్తుంది. మూడు నెలలకోసారి ఇచ్చే 'అంతర' ఇంజెక్షన్ కూడా టెస్టోస్టిరాన్‌తో పాటు తీసుకోవచ్చు, దాంట్లో ఈస్ట్రోజన్ ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది. కాకపోతే ఆ కుటుంబ నియంత్రణ గదికి నాలాంటివాడు వెళ్ళి అడగడమే ఒక పరీక్ష. ఒక మిత్రుడు వెళ్ళి అడిగితే, "భార్యని తీసుకురండి" అన్నారట. ఇది గుర్తొచ్చినప్పుడల్లా మేమిద్దరం పగలబడి నవ్వుతాం. కానీ ఆ రోజు వాడు ఇంజెక్షన్ లేకుండానే తిరిగొచ్చాడు.

అబార్షన్ కావాల్సివస్తే? చట్టంలో అంతా 'స్త్రీ' అనే ఉంటుంది. కానీ సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న ఇచ్చిన తీర్పులో, స్త్రీ అన్నచోట గర్భస్రావం అవసరమయ్యే మిగతా జెండర్లవాళ్ళు కూడా వస్తారని రాసింది. పెళ్ళి కానివాళ్ళకి 24 వారాల వరకు వీలు కల్పించిన తీర్పుగా అది పేపర్లలో వచ్చింది, మా ముక్క ఎవరికీ పెద్దగా కనబడలేదు. ఆ పేజీ ఒకటి ప్రింటు తీసి దగ్గర పెట్టుకుంటే మంచిది.

ఇక హెచ్ఐవీ. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 లెక్కల్లో దేశంలో పెద్దవాళ్ళలో హెచ్ఐవీ 0.21 శాతం ఉంటే హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వర్గంలో 3.78 శాతం. అందుకే ప్రభుత్వం వాళ్ళకోసం ప్రత్యేకంగా ప్రాజెక్టులు నడుపుతుంది: కండోములు, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, ఉచిత మందులు. మంచిదే. అయితే ఆ లెక్కలో ట్రాన్స్‌జెండర్ అంటే ట్రాన్స్ ఉమెన్, హిజ్రాలు మాత్రమే. ట్రాన్స్ మెన్ ఏ గడిలోనూ లేరు. మగవాళ్ళతో సంబంధం ఉన్న ట్రాన్స్ మ్యాన్‌కి, టెస్టోస్టిరాన్ వల్ల లోపల పొర ఎండి చిన్న చిన్న చీలికలు పడుతుంటే, ఇన్ఫెక్షన్ రాదని ఎవరు చెప్పగలరు? రిపోర్టులో నంబర్ లేదంటే జబ్బు లేదని కాదు, ఎవరూ లెక్కపెట్టలేదని.

ప్రాజెక్టులో ఉన్నవాళ్ళకైనా అంతా సవ్యంగా ఉందా అంటే అదీ లేదు. మాకు తెలిసిన ఒక అక్క అలాంటి ప్రాజెక్టులోనే (టీఐ అంటారు) ఔట్‌రీచ్ వర్కర్. సంచిలో కండోములు, జెల్ ప్యాకెట్లు, రిఫరల్ చీటీలు ఎప్పుడూ ఉంటాయి. సుఖవ్యాధుల క్లినిక్కుల్లో ఇచ్చే మందులు రంగుల కిట్లుగా వస్తాయి. ఆ రంగులన్నీ అక్కకి నోటికొచ్చు. మూత్రంలో మంట, చీము అయితే బూడిద రంగు కిట్: అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్. నీటి పొక్కులు లేని పుండైతే తెల్ల కిట్, దాంట్లో పెన్సిలిన్ ఇంజెక్షన్. పెన్సిలిన్ పడనివాళ్ళకి నీలం. నీటి పొక్కుల్లాంటివైతే ఎర్ర కిట్. గజ్జల్లో బిళ్ళ కడితే నల్లది. లక్షణం చెప్పగానే ఆ రోజే మందు చేతిలో పెట్టి పంపించొచ్చు కాబట్టి పనికొచ్చే పద్ధతే. ల్యాబ్ రిపోర్టు కోసం మళ్ళీ రమ్మంటే ఎంతమంది వస్తారు?

చిక్కల్లా లక్షణం లేనప్పుడే. గనేరియా, క్లమిడియా గొంతులోనూ, మలద్వారంలోనూ ఉన్నప్పుడు చాలాసార్లు ఏమీ తెలియదు. మంట లేదు, చీము లేదు. మా ల్యాబ్‌కి వచ్చే ఎస్టీడీ (సుఖవ్యాధుల) పీసీఆర్ శాంపిళ్ళు దాదాపు అన్నీ యూరిన్‌వే. నోటితో, వెనక నుంచి మాత్రమే సంబంధం ఉన్న మనిషి యూరిన్ పరీక్ష చేస్తే నెగెటివ్ వస్తుంది, రాకేం చేస్తుంది? ఆ మాట అక్కతో అంటే, "గొంతులో గూడ ఉంటదని మాకెవరు చెప్పిన్రు తమ్మీ? నోరు తెరిచి సూసిన డాక్టర్‌ను నేనైతే సూడలే" అంది. స్వాబ్ ఏ చోటు నుంచి తీయాలో తెలియాలంటే మనిషిని రెండు ప్రశ్నలు అడగాలి. ఆ ప్రశ్నలు అడగడానికే సిగ్గు.

ఆపరేషన్ సంగతి ఇంకా గందరగోళం. 'ఆపరేషన్ అయింది' అని అక్కలు, అంటే ట్రాన్స్ ఉమెన్, చెప్పే మాట కింద చాలా రకాలున్నాయి. నిర్వాణం అంటే పురుషాంగం, వృషణాలు తీసేయడం, యోని కట్టరు. ఇంకొందరికి చర్మంతో యోని కడతారు. డాక్టర్లు ఈ తేడా అడగరు. నిర్వాణం మాత్రమే అయిన ఒకామె చీటీ మీద 'వెజైనల్ స్వాబ్' అని రాసుంటే, ఎక్కడ నుంచి తీయాలమ్మా అని మా కలెక్షన్ అమ్మాయి బిక్కమొహం వేసింది. నిర్వాణం అయినవాళ్ళకి ఎక్కువగా వచ్చే బాధ వేరు: మూత్రం దారి క్రమంగా ముడుచుకుపోవడం. ధార సన్నబడుతుంది, చుక్కలు చుక్కలుగా వస్తుంది, ఇన్ఫెక్షన్లు. ఎందుకొచ్చిన బాధ అని నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు. ఎర్రటెండలో రోజంతా షాపుల చుట్టూ తిరిగే మనిషి నీళ్ళు తాగకుండా ఉంటే కిడ్నీలు ఏం కావాలి? అది యూరాలజిస్టు చూడాల్సిన జబ్బు, మొత్తం పూడుకుపోకముందే చూపించుకోవాలి.

చర్మంతో యోని కట్టించుకున్నవాళ్ళకి గర్భాశయ ముఖద్వారం ఉండదు కాబట్టి పాప్ స్మియర్ అక్కర్లేదు. ఆ యోని తనంతట తాను తడవదు, కాబట్టి జెల్ తప్పనిసరి, డైలేటర్ (దారి ముడుచుకుపోకుండా లోపల పెట్టుకునే సాధనం) వాడటం మానకూడదు. డిశ్చార్జ్ కనబడగానే ఆకుపచ్చ కిట్ ఇచ్చేస్తుంటారు, ఆడవాళ్ళకి ఇచ్చినట్టు. కానీ ఇక్కడ కారణం లోపల పెరిగిన కండ కావచ్చు, మిగిలిపోయిన జెల్ కావచ్చు, నిజంగానే సుఖవ్యాధీ కావచ్చు. చూడకుండా చెప్పలేం. ప్రోస్టేట్ గ్రంథిని మాత్రం ఏ ఆపరేషన్‌లోనూ తీయరు. యాభై దాటిన అక్కలు గుర్తుపెట్టుకోండి, హార్మోన్ల వల్ల పీఎస్ఏ బాగా పడిపోతుంది, కాబట్టి రిపోర్టులో 4 లోపు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

అదే హార్మోన్ల దగ్గర ఇంకో మాట. మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు రోజుకి నాలుగైదు మింగే అలవాటు ఇంకా ఉంది. చౌక, ఏ మెడికల్ షాపులోనైనా చీటీ లేకుండా ఇస్తారు. దాంట్లో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయోల్, రక్తం గడ్డకట్టే ప్రమాదం దానితో ఎక్కువ. సిగరెట్ కూడా తోడైతే చెప్పక్కర్లేదు. పిక్క ఒకవైపు వాచి నొప్పి పుడితే తైలం రాసుకుని పడుకోకండి, క్యాజువాలిటీకి వెళ్ళండి. డాక్టర్లు రాసే ఈస్ట్రడయోల్ వేరు మందు, రక్తపరీక్షలు చూసుకుంటూ వాడేది.

హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్ర అంటే అక్కలకి ఒకటే భయం: అది వేసుకుంటే హార్మోన్లు పనిచేయవని. పనిచేస్తాయి. ప్రెప్ వల్ల ఈస్ట్రోజన్ తగ్గదు. ఈస్ట్రోజన్ వల్ల ప్రెప్ మందు రక్తంలో కొంచెం తగ్గొచ్చు, అందుకే ట్రాన్స్ ఉమెన్ రోజూ వేసుకోవాలి. సంబంధానికి ముందు రెండు, తర్వాత ఒకటి, మర్నాడు ఒకటి అనే పద్ధతి ఆన్‌లైన్‌లో కనబడుతుంది, అది ఈస్ట్రోజన్ తీసుకునేవాళ్ళకి కాదు, ట్రాన్స్ మెన్‌కీ కాదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి ఇప్పుడిచ్చే డోలుటెగ్రావిర్ మందుకీ హార్మోన్లకీ కూడా గొడవ లేదు. ఈ ఒక్క అనుమానంతో ఏఆర్టీ (హెచ్ఐవీ మందులు) మానేసినవాళ్ళని అక్క చూసింది.

ఇవన్నీ ఒకే చోట అడిగి తెలుసుకోగలిగిన జాగా నారాయణగూడలో ఉండేది. 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, దేశంలో ట్రాన్స్‌జెండర్లకోసం పెట్టిన మొదటిది. అమెరికా సాయంతో నడిచేది. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. హార్మోన్లు, హెచ్ఐవీ, సుఖవ్యాధులు, కౌన్సెలింగ్ అన్నీ ఒక కప్పు కింద. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయడంతో మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది, సంతోషం. కానీ 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలో 15వ సెక్షన్ చదవండి. వైద్యం, హార్మోన్లు, కౌన్సెలింగ్ ప్రభుత్వమే ఇవ్వాలని, డాక్టర్ల చదువులో మా సంగతులు చేర్చాలని అందులో ఉంది. చట్టంలో రాసుకున్న పనికి వాషింగ్టన్‌లో ఎవరో సంతకం పెట్టేదాకా, ఆపేదాకా ఎదురుచూడ్డం ఏమిటో నాకర్థం కాదు. ఎంబీబీఎస్ పుస్తకాల సంగతీ అంతే, 2024లో ఫోరెన్సిక్ సిలబస్‌లో స్వలింగ సంబంధాలని మళ్ళీ 'అసహజ నేరాలు'గా చేర్చి, గోల అయ్యాక వెనక్కి తీసుకున్నారు. అది చదివి వచ్చే డాక్టరు నన్ను పెళ్ళయిందా అని కాక ఇంకేమడుగుతాడు?

మా నాన్‌బైనరీ (ఆడా మగా అనే రెండు గడుల్లో ఇమడని) ఫ్రెండ్ ఒకరు ఈ బాధ పడలేక ఒక చీటీ తయారుచేసుకున్నారు. డాక్టర్ ఎదురుగా కూర్చోగానే నోరు విప్పకుండా బల్ల మీద పెడతారు. అడిగితే అందరూ వాడుకోండి అన్నారు కాబట్టి నా వివరాలతో మార్చి కింద పెడుతున్నా. మీవి మీరు రాసుకోండి, మీ డాక్టర్‌కి ఇంగ్లిషే వచ్చంటే ఇంగ్లిషులో రాసుకోండి.

"నేను ట్రాన్స్ మ్యాన్‌ని. నన్ను ఓపీ చీటీలో ఉన్న పేరుతో పిలవండి. ఉన్నవి: యోని, గర్భసంచి, అండాశయాలు. తీసేసినవి: రొమ్ములు. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకుంటున్నాను, నెలసరి రావడం లేదు. మగవాళ్ళతో సంబంధం ఉంది: యోని ద్వారా, నోటితో. కండోమ్ వాడతాను, అప్పుడప్పుడు తప్పింది. కావాల్సిన పరీక్షలు: హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, సి, గొంతు స్వాబ్, యోని స్వాబ్, హెచ్‌పీవీ, ప్రెగ్నెన్సీ. స్వాబ్ నేనే తీసుకోగలను. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు అయ్యాయి. పరీక్ష చేసేటప్పుడు గదిలో అవసరమైనవాళ్ళు మాత్రమే ఉండాలి. నా అనుమతి లేకుండా నా ఫలితాలు మా ఇంటివాళ్ళకి చెప్పొద్దు."